దేవుడే నేర్పాలంటే పుస్తకాలు మూసేయాలా?

ఈ నెల మూడు ఉత్తరాలు తీసుకున్నాను. రాసినవాళ్లు వేరు, వయసులు వేరు, అడిగింది మాత్రం ఇంచుమించు ఒకటే. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. ఆ ప్రశ్నతో నేనూ చాలా ఏళ్లు సతమతమయ్యాను కాబట్టి తగ్గించి రాయడం నావల్ల కాలేదు.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. పదిహేనేళ్లుగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పాఠం తయారు చేసుకునేటప్పుడు రెండు వ్యాఖ్యాన గ్రంథాలు, ఒక బైబిలు నిఘంటువు దగ్గర పెట్టుకుంటాను. ఈ మధ్య మా కూడికకు వచ్చిన ఒక సహోదరుడు, "అదంతా మనుష్య జ్ఞానం. ఆత్మ నేర్పించాలంటే ఆ పుస్తకాలు పక్కన పడేయాలి" అంటూ 1 యోహాను 2:27 చదివి వినిపించారు. అప్పట్నుంచి పుస్తకం తెరవాలన్నా భయమే, తెరవకుండా పాఠం చెప్పాలన్నా భయమే. నేను ఇన్నేళ్లూ దేవుని దగ్గర కాక మనుషుల దగ్గరే నేర్చుకున్నానా? — ఒక సహోదరి

జవాబు: సహోదరీ, ముందు ఆ పుస్తకాలు తెచ్చి మళ్లీ బల్ల మీద పెట్టుకోండి. అప్పుడు మాట్లాడుకుందాం.

"ఎవడును మీకు బోధింపనక్కరలేదు" అన్న మాట ఆ వచనంలో ఉన్నమాట నిజమే. ఐతే దానికి ఒక్క వచనం పైన, "మిమ్మును మోసపరచువారినిబట్టి ఈ సంగతులు మీకు వ్రాసియున్నాను" అని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న సంఘంలోంచి కొందరు బయటికి వెళ్లిపోయారు. యేసే క్రీస్తు అన్న మాటను వాళ్లు కాదన్నారు. మిగిలినవాళ్లు, 'మనకు తెలియని లోతు ఏదో వీళ్లకు తెలిసిందేమో' అని కలవరపడుతున్నారు. వాళ్లతో ముసలి యోహాను అంటున్నాడు: మీరు మొదట విన్నదే చాలు, మీలో ఉన్న అభిషేకమే దానికి సాక్ష్యం, కొత్త రహస్యాలు అమ్మేవాళ్లు మీకు అక్కర్లేదు. ఆ మాట చెప్పడానికి ఆయన ఐదు అధ్యాయాల ఉత్తరం రాశాడు. ఉత్తరం రాయడం బోధించడం కాకపోతే మరేమిటి?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని ఐతియొపీయ అధికారిని గుర్తు చేసుకోండి. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు. అర్థం కావడం లేదు. పరిశుద్ధాత్మ తలుచుకుంటే అక్కడికక్కడే అతని మనసులో అర్థం చెప్పలేడా? ఆ ఆత్మే సువార్తికుడైన ఫిలిప్పుతో "ఆ రథం దగ్గరికి వెళ్లు" అన్నాడు. ఒక మనిషిని పరుగెత్తించాడు. "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అన్న ఆ అధికారి మాటను ఆత్మ తప్పు పట్టలేదు. పైగా అతను అడిగిన ప్రశ్న చూడండి: ప్రవక్త ఎవరి గురించి చెబుతున్నాడు, తన గురించా, వేరొకరి గురించా? మీరు పాఠం తయారు చేసుకుంటూ నిఘంటువు తెరిచి వేసుకునే ప్రశ్న లాంటిదే అది. బుద్ధి వేసిన మంచి ప్రశ్న. దానికి జవాబుగా ఫిలిప్పు యేసును ప్రకటించాడు.

అలాగని ఆ సహోదరుడు చెప్పినదాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఆయన చేతిలో ఉన్నది ఒక పెద్ద సత్యం. దాన్ని తప్పు చోట వాడారు, అంతే.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 2:14 చదవండి. ప్రకృతి సంబంధియైన మనుష్యుడు దేవుని ఆత్మ విషయాలను అంగీకరించడు, అవి అతనికి వెర్రితనంగా ఉంటాయి, అవి ఆత్మానుభవముచేతనే వివేచింపదగును అంటాడు. ఇక్కడ 'వివేచించడం' అన్నచోట గ్రీకులో ఉన్న క్రియ 'అనక్రినో'. నిలబెట్టి ప్రశ్నించడం, విచారణ చేయడం అని అర్థం. లూకా 23:14లో పిలాతు యేసును విచారించాను అన్నచోట ఉన్నది ఈ మాటే. అపొస్తలుల కార్యములు 17:11లో బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పినది అలా ఉందో లేదో అని రోజూ లేఖనాలు పరిశోధించారు అన్నచోటా ఈ మాటే. ఆత్మానుభవంతో వివేచించడానికీ, లేఖనం ముందు పెట్టుకుని వెతకడానికీ గ్రంథంలో ఒకే క్రియ! ఇది చూసిన రోజు నాకు చాలా ఊరట కలిగింది. ఆత్మ వస్తే పరిశోధన ఆగిపోదు. సరైన వెలుగులో మొదలవుతుంది.

మరి పౌలు తోసిపుచ్చిన మనుష్య జ్ఞానం ఏది? ఆయన మూడు విశ్రాంతి దినాలు థెస్సలొనీకలో లేఖనాలు ఎత్తి తర్కించినవాడు. ఆలోచించడం ఆయనకు చేదు కాదు. కొరింథువాళ్లకు వాక్చాతుర్యం అంటే మోజు. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి అని జట్లు కట్టారు. సిలువ మీద చచ్చిన మెస్సీయ వాళ్ల చుట్టూ ఉన్న లోకానికి వెర్రితనం. దేవుడు ఎలా ఉండాలో ముందే తీర్మానించుకుని, ఆ కొలతకు సరిపోని దేవుణ్ణి కాదనే జ్ఞానం ఉందే, పౌలు తోసిపుచ్చింది దాన్ని. అది పుస్తకాలు చదివినవాళ్లలో ఉంటుంది. పుస్తకం ముట్టనివాళ్లలో కూడా ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. సాయంత్రాలు సంఘంలో బైబిలు స్టడీ. ఒక ఏడాది కొండమీది ప్రసంగం మీద వరసగా పాఠాలు చెప్పాను. అర్పణను బలిపీఠం దగ్గర విడిచి ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమన్న మత్తయి 5:23-24 పక్కన అంచులో పెన్సిల్‌తో సన్నగా రాసుకున్న మాటలు ఇప్పటికీ ఉన్నాయి: 'బలిపీఠం యెరూషలేములో. వింటున్నది గలిలయవాళ్లు. అర్పణ అక్కడే వదిలి ఇంటికి వెళ్లి రావాలంటే కొన్ని రోజుల నడక.' వ్యాఖ్యానంలోంచి ఎత్తి రాసుకున్నది. సరైన సమాచారమే. పాఠం కూడా బాగా చెప్పానని అందరూ అన్నారు.

అప్పటికి మా అన్నయ్యతో మాటల్లేక నాలుగేళ్లు. అమ్మ మంచాన పడ్డప్పుడు, "డబ్బు పంపేసి చేతులు దులుపుకున్నావు" అని నేను ఫోన్లో ఒక మాట అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. అమ్మ పోయాక కూడా ముభావంగా వచ్చి వెళ్లాడు. నేను మాత్రం ప్రతి రాత్రి, "ప్రభువా, మా అన్నను క్షమించేశాను" అని ప్రార్థించేవాణ్ణి. నా లెక్క ప్రకారం నా వైపు బాకీ ఏమీ లేదు.

పాఠం చెప్పిన ఆరు నెలలకు ఒక తెల్లవారుజామున అదే వచనం మళ్లీ చదివాను. ఈసారి పాఠం కోసం కాదు. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని..." అక్కడ కన్ను ఆగిపోయింది. నీకు నీ సహోదరుని మీద అని కాదు, నీమీద నీ సహోదరునికి. ఇరవై ఏళ్లుగా ఆ వాక్యాన్ని నేను తిరగేసి చదువుతున్నాను. ఎవరి మీదైనా కోపముంటే క్షమించి రండి అని బోధిస్తున్నాను. యేసు అడిగింది అది కానే కాదు. నా వల్ల అవతలివాడి గుండెలో ఏం మిగిలిందో అడుగుతున్నాడు. అక్షరాలన్నీ ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. చదవడం వచ్చిన పిల్లవాడు కూడా పట్టుకోగల తేడా. నేను పట్టుకోలేకపోయాను. ఎందుకంటే పట్టుకుంటే ఏం చేయాల్సి వస్తుందో నాలోపల ఎక్కడో తెలుసు.

చేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఫోన్ చేస్తే ఆయన "ఎవరు?" అన్నాడు. నా నంబరు తీసేశాడన్నమాట. తప్పయింది అన్నాను. చాలాసేపు మౌనం. తర్వాత, "ఆ నెల నీకు పంపిన డబ్బు అప్పు తెచ్చి పంపాను రా" అన్నాడు. నాలుగేళ్లు ఆయన మోసిన విరోధం అది. నాకు తెలియనే తెలియదు.

ఆ వచనం ఆ రోజు నాకు అర్థమైంది. తెల్లవారుజామున తెలిసింది సగమే. మిగతా సగం ఫోన్ చేశాక తెలిసింది. అప్పుడు యోహాను 7:17 తెరిచి చూశాను: "ఎవడైనను ఆయన చిత్తము చొప్పున చేయ నిశ్చయించుకొనిన యెడల, ఆ బోధ దేవునివలన కలిగినదో... వాడు తెలిసికొనును." చేయడానికి నిశ్చయించుకున్నవాడికి తెలుస్తుంది అంటున్నాడు. తెలిశాక చేద్దాంలే అనుకునేవాడికి ఈ మాట లేదు. దేవుని దగ్గర నేర్చుకోవడం అంటే ఏమిటని మీరు అడిగారు. ఇంతకంటే దగ్గరి జవాబు నాకు తెలియదు.

ఇంకో సంగతి గమనించండి. ఆ వ్యాఖ్యానం కూడా వృథా పోలేదు. అర్పణ వదిలేసి రోజుల తరబడి నడిచి వెళ్లే గలిలయ మనిషి ఆ పదకొండు రోజులూ నా కళ్ల ముందే ఉన్నాడు. వాడు అంత దూరం నడిస్తే, నేను పది అంకెలు నొక్కలేనా?

లెక్కల మాస్టారిని కాబట్టి ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త పాస్కల్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 1654 నవంబరు 23 రాత్రి ఆయనకు రెండు గంటల పాటు ఒక అనుభవం కలిగింది. 'అగ్ని' అని రాసి, దాని కింద 'అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు, తత్వవేత్తల, పండితుల దేవుడు కాదు' అని రాసుకున్నాడు. ఆ కాగితాన్ని కోటు లోపలి గుడ్డలో పెట్టి కుట్టుకున్నాడు. 1662లో చనిపోయాకే అది బయటపడింది. ఇది చెప్పి కొందరు, చూశారా, లెక్కలు వదిలేశాడు అంటారు. 1658లో ఆయన సైక్లాయిడ్ అనే వక్రరేఖ మీద గొప్ప పని చేశాడు. ఆ రాత్రి ఆయన బుద్ధిని పారేయలేదు. దానికి యజమాని మారాడు.

కాబట్టి అమ్మా, వరస మార్చండి చాలు. ముందు వాక్యభాగం చదవండి, పెన్ను పట్టుకోకుండా. కీర్తన 119:18 నోటితో చెప్పండి: "నేను నీ ధర్మశాస్త్రమునందు ఆశ్చర్యమైన సంగతులను చూచునట్లు నా కన్నులు తెరువుము." ఈ మాట రాసినవాడు ధర్మశాస్త్రం మీద 176 వచనాలు కట్టినవాడు, ఎరగనివాడు కాదు. అయినా కళ్లు తెరవమని అడిగాడు. తర్వాత మళ్లీ చదవండి. పిల్లలకు ఏం చెప్పాలి అన్న ప్రశ్నను ఆ కాసేపు దూరం పెట్టి, నాకేం చెబుతున్నావు ప్రభువా అని అడగండి. ఆ తర్వాత వ్యాఖ్యానం తెరవండి, మీరు చూసింది సరో కాదో అది చెబుతుంది. నేను ఎప్పుడూ వ్యాఖ్యానంతోనే మొదలుపెట్టేవాణ్ణి. నా ఇబ్బంది అక్కడే మొదలైంది.

ప్రశ్న: అయ్యగారూ, ఉద్యోగం మానేసి వేరే దేశం వెళ్లి సేవ చేయాలని నాకు ఆశ. మూడు రోజులు ఉపవాసముండి కళ్లు మూసుకుని బైబిలు తెరిస్తే ఆదికాండము 12:1 వచ్చింది. "నీవు లేచి నీ దేశమునుండియు నీ బంధువుల యొద్దనుండియు..." నేను కోరుకున్నదే! ఇంట్లోవాళ్లు, పాస్టర్ గారు ఇంకొన్నాళ్లు ఆగమంటున్నారు. అగస్టీన్ కూడా అలాగే బైబిలు తెరిచి మారాడు కదా, నేను మనుష్యుల మాట ఎందుకు వినాలి? — ఒక యువకుడు

జవాబు: తమ్ముడూ, నీ ఉపవాసాన్నీ నీ ఆశనూ నేను తక్కువ చేయను. సేవకు వెళ్లాలన్న కోరిక దేవుడే పెట్టి ఉండవచ్చు. ఐతే అగస్టీన్ సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం.

ఆయన అలంకార శాస్త్రం బోధించే పండితుడు. కుర్రతనంలో లేఖనాలు తెరిస్తే వాటి భాష రోమన్ వక్త సిసెరో శైలి ముందు వెలవెలబోతున్నట్టు కనిపించి పక్కన పెట్టేశాడు. లోపలికి వెళ్లేకొద్దీ ఎత్తుగా ఉండే ఆ గుమ్మం మొదట్లో పొట్టిదనీ, దూరడానికి అప్పట్లో తన మెడ వంగలేదనీ తర్వాత ఒప్పుకున్నాడు. క్రీ.శ. 384లో ఇటలీలోని మిలాను చేరి అక్కడి బిషప్పు ఆంబ్రోసు ప్రసంగాలు వినసాగాడు. పౌలు పత్రికలు పట్టుకుని చదివాడు. 386లో తోటలో ఏడుస్తూ, "తీసి చదువు" అని ఒక పసి గొంతు పాడడం విన్నప్పుడు ఆయన తెరిచింది ఆ పౌలు పత్రికలనే. కళ్లకు పడింది రోమా 13:13-14. ఏళ్ల తరబడి వదలలేకపోతున్న శరీర కోరికలను వదలమన్న మాట అది. గమనించావా? ఆయనకు వచ్చిన వచనం ఆయన కోరుకున్నది కాదు, వదిలించుకోలేక ఏడుస్తున్నదాన్ని వదలమన్నది. నీకు వచ్చింది నువ్వు కోరుకున్నదే. అందుకని అది దేవునిది కాదని నేను అనను. ఇంకాస్త పరీక్షించాలి అంటాను.

పేతురు నోటి నుంచి ఒకే అధ్యాయంలో వచ్చిన రెండు మాటలు చూడు. మత్తయి 16లో "నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు" అన్నాడు. ఇది నరులు బయలుపరచలేదు, నా తండ్రి బయలుపరిచాడు అని యేసు మెచ్చుకున్నాడు. ఆరు వచనాలు తిరిగేసరికి అదే పేతురుతో, "సాతానా, నా వెనుకకు పొమ్ము... నీవు మనుష్యుల సంగతులనే తలంచుచున్నావు" అనాల్సి వచ్చింది. మధ్యలో వచ్చిందేమిటి? తాను చంపబడతానని యేసు చెప్పిన సిలువ మాట. పేతురు తన ప్రత్యక్షతను తన ఇష్టంతో ముడి వేసుకున్నాడు. మొదటి మాట దేవుని నుంచి వచ్చింది కాబట్టి రెండోదీ అక్కడి నుంచే వచ్చిందని అనుకుని ఉంటాడు. ఒకసారి నిజంగా విన్నవాడికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మనుష్యుల మాట ఎందుకు వినాలి అన్నావు. బాలుడైన సమూయేలు దేవుని పిలుపు చెవులారా విన్నాడు. విని మూడుసార్లూ పరుగెత్తింది ఏలీ దగ్గరికే. ఎవరు పిలుస్తున్నారో అతనికి తెలియలేదు. మూడోసారి గ్రహించింది కళ్లు మసకబారిన ఆ ముసలి యాజకుడు. ఏ మాటతో జవాబివ్వాలో నేర్పింది కూడా ఆయనే. పౌలు ఐతే తన సువార్త మనుష్యుని వలన రాలేదని గలతీయులకు గట్టిగా రాశాడు. అదే పత్రిక 2వ అధ్యాయంలో, పద్నాలుగేళ్ల తర్వాత యెరూషలేము వెళ్లి, తన పరుగు వ్యర్థం కాకూడదని ఆ సువార్తను పెద్దల ముందు పెట్టానని కూడా రాశాడు. ఆయనకు లేని మొహమాటం నీకెందుకు?

ఆగమన్నంత మాత్రాన నీ పిలుపు చచ్చిపోదు. అబ్రాహాముకు కూడా వాగ్దానానికీ ఇస్సాకుకూ మధ్య ఇరవై ఐదేళ్లు పట్టింది. ఈలోగా నీ మీద ప్రేమ ఉండీ నిన్ను మెప్పించాల్సిన పని లేని ఇద్దరు పెద్దల దగ్గర కూర్చో. "నాకు దేవుడు చెప్పాడు" అని మొదలుపెట్టకు. అలా అంటే వాళ్లకు నోరు లేకుండా చేసినట్టే. "నాకు ఇలా అనిపిస్తోంది, మీకేం కనిపిస్తోంది?" అని అడుగు. వాళ్లు చెప్పేది వినడానికి నిజంగా సిద్ధపడి అడుగు.

ప్రశ్న: నేను బైబిలు కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాను. గ్రీకు నేర్చుకుంటున్నాను. మా అమ్మమ్మకు అక్షరం రాదు. నేను ఒక వచనం చదివి వినిపిస్తే ఆమె చెప్పే రెండు మాటలు నేను రాసే వ్యాసంకన్నా బరువుగా ఉంటాయి. "జ్ఞానులకు మరుగుచేసి పసిబాలురకు బయలుపరచినావు" అన్న మాట గుర్తొచ్చి దిగులేస్తోంది. నా చదువు దండగేనా? — ఒక విద్యార్థి

జవాబు: కాదు బాబూ. పేతురు, యోహాను విద్యలేని పామరులు. పౌలు ధర్మశాస్త్ర బోధకుడైన గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్నవాడు. లూకా మొదటి నుంచీ అన్నీ తరచి తెలుసుకుని వరసగా రాశాను అంటాడు. ఆ ఆత్మే వీళ్లందరి చేతా రాయించాడు. చదువు రాకపోవడమే అర్హత ఐతే లూకా సువార్త మనకు ఉండేదే కాదు.

పసిబిడ్డకు అన్నీ కావాలి, ఏదీ తన దగ్గర లేదు, అడగడానికి సిగ్గుపడదు. యేసు చూసింది ఆ అక్కరనే అని నా నమ్మకం. మీ అమ్మమ్మ ఆ వచనాన్ని ఏదో ఒక బాధ పక్కన పెట్టుకుని వింటుంది. నువ్వు పరీక్ష పక్కన పెట్టుకుని చదువుతున్నావు. తేడా అక్కడే ఉండవచ్చు. నీకూ అక్కరలు వస్తాయి. అప్పుడు ఈ గ్రీకు కూడా పనికొస్తుంది, మానకు.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఆమె పక్కన కూర్చుని 131వ కీర్తన చదువు. మూడే వచనాలు. మెల్లగా, రెండుసార్లు. నాకు అందనివాటిలో నేను అభ్యాసం చేసుకోవడం లేదు అన్నచోట నువ్వు ఆగు. "చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు" అన్నచోట ఆమెను ఆపు. పాల కోసం ఏడ్చే పిల్ల అనకుండా, పాలు విడిచిన పిల్ల అని ఎందుకన్నాడు అమ్మమ్మా, అని అడుగు. నువ్వు అర్థం చెప్పకు. పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే రాసి పంపు, వచ్చే నెల ఈ పేజీలో వేస్తాను.